స్టీరింగు సరే, బండెక్కడుంది?

మా మేనమామ గౌలిపురాలో ఉంటాడు. ముప్ఫయ్యేళ్ళు ఆర్టీసీ బస్సు నడిపి రిటైరయ్యాడు. ఆ మధ్య ఉన్నట్టుండి గుండె నిమిషానికి నూట ఎనభై సార్లు కొట్టుకోవడం మొదలెడితే, తొడ దగ్గర సిరలోంచి కేథటర్ పంపించి, లోపల తిక్కతిక్కగా కరెంటు పంపుతున్న చిన్న ముక్కని కాల్చేశారు. పూర్తి మత్తు ఇవ్వలేదు కాబట్టి మామయ్య ఆ రెండు గంటలూ పక్కనున్న తెర చూస్తూ పడుకున్నాడు. ఇంటికొచ్చాక నన్ను కూచోబెట్టి అడిగిన మొదటి ప్రశ్న ఇదీ:

"ఏరా, నువ్వు కంప్యూటరోడివి గదా. గా తెర మీద చుక్క ఉన్న జాగనే చూపిస్తదా, లేకుంటే ఉండాల్సిన జాగ చూపిస్తదా?"

ఇన్నేళ్ళుగా సాఫ్ట్‌వేర్ రాస్తున్నాను. ఒక్క కోడ్ రివ్యూలో కూడా నన్నెవరూ ఇంత మంచి ప్రశ్న అడగలేదు. అప్పటికేదో సర్దిచెప్పి బయటపడ్డాను గానీ, ఆ ప్రశ్న పట్టుకుని తవ్వుకుంటూ పోతే చివరికి ఎమ్మారై యంత్రంలో అయస్కాంతంతో కేథటర్‌ని నడిపే వాళ్ళ దగ్గర తేలాను. అక్కడ మామయ్య ప్రశ్న వెయ్యి రెట్లు ముదురుతుంది. ఈ టపా దాని గురించే.

ముందు మనూరి సంగతి ఒకటి. పత్తర్‌గట్టీ నుంచి మీరాలం మండీ వైపు సందుల్లో ఫోన్‌లో మ్యాప్ పెట్టుకుని నడిచారా ఎప్పుడైనా? నీలం చుక్క ఒక గల్లీ నుంచి పక్క గల్లీకి గోడ దూకేస్తూ ఉంటుంది. ఉపగ్రహం సిగ్నలు నేరుగా రాకుండా ఆ ఎత్తైన గోడలకి కొట్టుకుని వస్తుంది కాబట్టి దూరం లెక్క తప్పుతుంది. నేనోసారి ఆటోలో కూచుని ఆ చుక్కని నమ్మి దారి చెప్పబోతే డ్రైవరు నవ్వి "ఫోన్ కూ క్యా మాలూం సాబ్" అన్నాడు. అతని చేతిలో స్టీరింగుంది, కళ్ళ ముందు సందు ఉంది. నా చేతిలో చుక్క మాత్రమే ఉంది. గుండె లోపల కేథటర్ నడిపే డాక్టరు, పాపం, నా పరిస్థితిలో ఉంటాడు.

సరే, అసలు విషయం. మామూలుగా కేథటర్ పనులన్నీ ఎక్స్‌రే కింద జరుగుతాయి. అందుకే డాక్టర్లు సీసపు ఏప్రన్లు మోస్తూ గంటలు గంటలు నిలబడతారు. ఎక్స్‌రేలో కేథటర్ తీగ బాగా కనిపిస్తుంది, గుండె గోడ మాత్రం మసక నీడ. అందుకని మామయ్యకి వాడినలాంటి మ్యాపింగ్ యంత్రాలు వచ్చాయి. బల్ల కింద నుంచి చాలా బలహీనమైన అయస్కాంత క్షేత్రాలు పంపి, కేథటర్ కొసలో ఉన్న సెన్సార్‌తో వాటిని కొలిచి, రంగురంగుల గుండె బొమ్మలో చుక్క పెడతాయి. బొమ్మ అందంగా ఉంటుంది గానీ అది అంతకుముందు కేథటర్‌ని తిప్పి గీసుకున్న పటం. అంటే చుక్క ఇప్పటిది, గోడ ఇందాకటిది.

ఎమ్మారై అయితే గోడనే చూపిస్తుంది. కండరం కనిపిస్తుంది, నెత్తురు కనిపిస్తుంది, కాల్చిన చోట వాపు కూడా కనిపిస్తుంది. రేడియేషన్ అసలే లేదు. పుట్టుకతో గుండె జబ్బున్న పిల్లలకి ఇది ఎంత పెద్ద విషయమో ఆలోచించండి. వాళ్ళకి పెద్దయ్యేలోపు ఎన్నిసార్లు కేథటర్ పెట్టాలో, అన్నిసార్లూ ఎక్స్‌రేనే. 2003లో లండన్ కింగ్స్ కాలేజీ నుంచి రజా రజవీ బృందం ఎమ్మారై సాయంతో పిల్లలకీ పెద్దలకీ కేథటర్ పరీక్షలు చేసి లాన్సెట్‌లో ప్రచురించింది. 2020లో ఇమ్రికార్ అనే అమెరికన్ కంపెనీ ఎమ్మారైలో వాడదగ్గ అబ్లేషన్ కేథటర్‌కి యూరప్ అనుమతి తెచ్చుకుంది. అది చేత్తో తిప్పేదే, అయస్కాంతంతో కాదు.

ఇహ అయస్కాంతంతో తిప్పడం. ఇందులో రెండు దారులున్నాయి. మొదటిది స్టీరియోటాక్సిస్ కంపెనీది. రోగికి అటూ ఇటూ రెండు పెద్ద శాశ్వత అయస్కాంతాలు పెట్టి వాటిని తిప్పుతారు. కేథటర్ కొసలో చిన్న అయస్కాంతం ఉంటుంది, అది క్షేత్రం ఎటు తిరిగితే అటు తిరుగుతుంది. ఆ క్షేత్రం దాదాపు 0.08 టెస్లా. ఇదంతా ఎక్స్‌రే గదిలోనే.

రెండోది దీనికి పూర్తిగా తిరగేసిన లెక్క. ఎమ్మారైలో 1.5 టెస్లా క్షేత్రం ఎప్పుడూ ఉంటుంది. భూమి అయస్కాంత క్షేత్రానికి ముప్ఫై వేల రెట్ల పైమాటే. దాన్ని తిప్పలేం, ఆపలేం. కొసలో శాశ్వత అయస్కాంతం పెడితే అది ఆ క్షేత్రం దిక్కుకి బిగుసుకుపోయి ఇంక చెప్పిన మాట వినదు. అందుకని 2002లో శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో టిమోతీ రాబర్ట్స్, స్టీవెన్ హెట్స్ తదితరులు ఒక కిటుకు చూపించారు. కొసకి సన్నటి రాగి తీగ చుట్టలు చుట్టి వాటిలోకి కరెంటు పంపిస్తే, కరెంటున్నంతసేపే అది అయస్కాంతం. ఎంత పంపితే అంత వంగుతుంది, ఆపేస్తే తన ఆకారానికి వచ్చేస్తుంది.

నేనో చిన్న లెక్క వేసుకున్నాను. 1.5 మిల్లీమీటర్ల వ్యాసంతో 100 చుట్లు, 100 మిల్లీఆంపియర్ల కరెంటు అనుకుందాం. 1.5 టెస్లాలో మహా అయితే వచ్చే మెలి, ఒక సెంటీమీటరు చేతి చివర పావు గ్రాము బరువు వేలాడదీసినంత. నవ్వొచ్చేంత చిన్నది. కానీ మెత్తటి కేథటర్ కొస తిరగడానికి అది చాలు. చిక్కేంటంటే చుట్ట అక్షం యంత్రపు క్షేత్రానికి సమాంతరంగా వస్తే మెలి సున్నా అయిపోతుంది. స్టీరింగు కొన్ని దిక్కుల్లో పనిచేసి కొన్ని దిక్కుల్లో వదులైపోతుందన్నమాట. అందుకే మూడు దిక్కులకీ మూడు చుట్టలు పెడతారు. పైగా కరెంటు పోతే వేడి పుడుతుంది, ఆ వేడి నెత్తురులో పుడుతుంది. అదో తలనొప్పి.

పేపర్లలోనూ వార్తల్లోనూ అందరూ మెచ్చుకునేది ఈ తిప్పుడినే. వీడియోలో కేథటర్ పాములా తల తిప్పితే చప్పట్లు కొడతాం. మాంట్రియల్‌లో సిల్వెయిన్ మార్టెల్ బృందం 2007లో మామూలు ఆసుపత్రి ఎమ్మారైతోనే ఒకటిన్నర మిల్లీమీటర్ల ఇనుప పూసని బతికున్న పంది మెడ ధమనిలో నడిపించినప్పుడు కూడా పతాక శీర్షికలన్నీ నడిపించడం గురించే. నా మటుకు నాకు ఆ ప్రయోగంలో గొప్ప సంగతి అది కాదు. ఒకే యంత్రం కాసేపు పూసని తోసి, కాసేపు అదెక్కడుందో చూసి, మళ్ళీ తోసి, ఆ చక్రం తనంతట తనే తిప్పడం. తోయడం కంటే చూడటమే కష్టం.

ఎమ్మారై ఎలా చూస్తుందో చెప్తాను, ఇది తెలిస్తే మిగతాదంతా తేలిక. నీటిలోని హైడ్రోజన్ కేంద్రకాలు క్షేత్రం బలాన్ని బట్టి ఒక పౌనఃపున్యంలో పాడతాయి. టెస్లాకి 42.58 మెగాహెర్ట్జ్. 1.5 టెస్లాలో దాదాపు 64 మెగాహెర్ట్జ్. ఇప్పుడు క్షేత్రాన్ని ఒక చివర నుంచి ఇంకో చివరికి కొంచెం కొంచెంగా పెంచుకుంటూ పోతే ఒక్కో చోటు ఒక్కో స్టేషన్ అయిపోతుంది. శాలిబండ దగ్గర ఒక రేడియో స్టేషన్, చార్మినార్ దగ్గర ఇంకోటి, మదీనా దగ్గర మరోటి, నయాపూల్ దగ్గర వేరేది వచ్చేటట్టు ఏర్పాటు చేశారనుకోండి. బస్సులో రేడియో పెట్టుకుని ఏ స్టేషన్ వినిపిస్తోందో చూస్తే బస్సెక్కడుందో తెలిసిపోదూ? 1993లో చార్లెస్ డుమూలిన్ బృందం చేసింది ఇదే. కేథటర్ కొసలో చిన్న తీగచుట్ట పెట్టారు, అది తన పక్కనున్న నీటి పాట మాత్రమే వింటుంది. మూడు దిక్కుల్లో ఒక్కోసారి వింటే మూడు అంకెలు, అంటే స్థానం. మొత్తం బొమ్మ తీయనక్కర్లేదు కాబట్టి పదుల మిల్లీసెకన్లలో అయిపోతుంది. భలే ఉంది కదా? నాకైతే మొదటిసారి చదివినప్పుడు లేచి రెండడుగులు నడవాలనిపించింది.

ఇప్పుడు గొడవ. మీటరుకి 10 మిల్లీటెస్లాల వాలు పెడితే ఒక్కో మిల్లీమీటరుకి స్టేషన్ 426 హెర్ట్జ్ జరుగుతుంది. ఇందాక లెక్కేసిన స్టీరింగు చుట్ట ఉందే, అది తన అక్షం మీద 5 మిల్లీమీటర్ల దూరంలో 28 మైక్రోటెస్లాలు పుట్టిస్తుంది. అంటే దాదాపు 1200 హెర్ట్జ్. మిల్లీమీటర్లలోకి మార్చండి: 2.8. స్టీరింగు తిప్పుతున్నంతసేపూ, పక్కనున్న నీళ్ళు మూడు మిల్లీమీటర్లు పక్కకి జరిగినట్టు అబద్ధం చెప్తాయి. కర్ణిక గోడ మందమే చాలాచోట్ల రెండు మూడు మిల్లీమీటర్లు. తప్పు ఎంత ఉందో గోడ అంత ఉంది! బొమ్మ తీస్తే కొస చుట్టూ నల్లటి రంధ్రం. మనకి కావలసిన చోటే కనిపించదు.

సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఒక్క ముక్కలో చెప్పాలంటే రాయడమూ చదవడమూ ఒకే తీగ మీద, ఒకేసారి కుదరదు. అయితే ఏం చేస్తారు? కరెంటు ఆపి, చదివి, మళ్ళీ కరెంటిస్తారు. ఆపితే కొస వెనక్కి వాలుతుంది కాబట్టి మీరు చదివింది వాలుతున్న కొసని. లేదా ఆ నల్లటి రంధ్రాన్నే గుర్తుగా వాడుకుంటారు. కరెంటు ఎంతో మనకి తెలుసు కాబట్టి రంధ్రం ఆకారం ఎలా ఉండాలో లెక్కగట్టి, దాన్నిబట్టి కొస ఎక్కడుందో వెనక్కి లెక్కించొచ్చు. తెలివైన పని, కాకపోతే నెమ్మది. పైగా తీగలున్నాయి చూశారూ, మీటరు పొడవున ఒంట్లోకి వెళ్ళే రాగి తీగ 64 మెగాహెర్ట్జ్‌కి చక్కటి యాంటెన్నా. ఒంట్లో ఆ తరంగం పొడవు అర మీటరు చుట్టుపక్కలే, కాబట్టి తీగ చివర కాలిపోయే ప్రమాదం ఉంది. మధ్యమధ్య బుల్లి ట్రాన్స్‌ఫార్మర్లు పెట్టి తెంపుతారు.

మూడో దారి సాఫ్ట్‌వేర్ వాళ్ళందరికీ ప్రియమైనది: ఊహించడం. కేథటర్ వంపుకి ఒక గణిత నమూనా, గుండె కొట్టుకోవడానికి ఇంకో నమూనా, రెండిటినీ కాల్మన్ ఫిల్టర్‌లో వేస్తే, కొలత అందని ఆ కాసేపూ నమూనాయే చుక్కని నడుపుతుంది. తెర మీద చుక్క వెన్నలా జారుతుంది, ఎక్కడా ఆగదు, ఎక్కడా దూకదు. మామయ్య అడిగింది సరిగ్గా ఈ చుక్క గురించే. ఇది ఉన్న చోటు కాదు, ఉండాల్సిన చోటు.

నా అభిప్రాయం సూటిగా చెప్పేస్తాను. ఊహించడం తప్పు కాదు, ఊహించకుండా ఈ పని జరగదు. ఊహనీ కొలతనీ ఒకే రంగు చుక్కగా చూపించడం తప్పు. ఈ కొలత ఎన్ని మిల్లీసెకన్ల కిందటిది, ఎన్ని మిల్లీమీటర్లు అటూ ఇటూ ఉండొచ్చు, ఈ రెండూ డాక్టరు కంటికి కనపడాలి. కొలత పాతబడేకొద్దీ చుక్క ఉబ్బి మసకబారాలి, ఒక హద్దు దాటాక కాల్చే మీట పనిచేయకూడదు. ఫోన్లో మ్యాప్ కూడా తనకి సందేహంగా ఉంటే చుక్క చుట్టూ లేత నీలం వలయం గీస్తుంది. ఫ్లైఓవర్ కింద అది కూడా అబద్ధాలాడుతుందనుకోండి, అది వేరే సంగతి. "చుక్క వణుకుతోంది, కాస్త నున్నగా చేయండి" అని అడిగే వాళ్ళు ప్రతి ప్రాజెక్టులోనూ ఉంటారు. నేనూ చేశాను, గుండెల్లో కాదులెండి, గోడౌన్‌లో బండ్లకి. నున్నగా చేశాక అందరూ సంతోషించారు. తప్పు మాత్రం ఎక్కడికీ పోలేదు, కనపడకుండా పోయిందంతే.

ఏం కొలుస్తున్నామో, ఆ కొలత దేన్ని చూడలేదో తెలియకపోతే ఏమవుతుందనడానికి నయాపూల్ దాటగానే ఒక పాత సాక్ష్యం ఉంది. (మూసీ దాటి అఫ్జల్‌గంజ్‌లోకి వస్తే అది పాతబస్తీ కాదని అవతలి ఒడ్డు వాళ్ళు వాదిస్తారు. ఈ ఒక్కసారికి ఒప్పుకోండి.) ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రికి ముందు అక్కడ అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి ఉండేది, 1908 మూసీ వరదల్లో పోయింది. అక్కడ ఎడ్వర్డ్ లారీ అనే సర్జన్ క్లోరోఫాం ఇచ్చి ఆపరేషన్లు చేసేవాడు. ఆ రోజుల్లో క్లోరోఫాం ఇచ్చిన మనుషులు కొందరు బల్ల మీదే హఠాత్తుగా పోయేవారు. శ్వాస ఆగి పోతున్నారా, గుండె ఆగి పోతున్నారా? ఇది తేల్చడానికి 1888లో ఒకటి, 1889లో ఇంకోటి, హైదరాబాద్ క్లోరోఫాం కమిషన్లు కూచున్నాయి. రెండోదానికి ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ వెయ్యి పౌండ్లు ఇస్తే లండన్ నుంచి లాన్సెట్ పత్రిక లాడర్ బ్రంటన్‌ని పంపించింది. గుండెకే ప్రమాదమని నమ్మి వచ్చిన మనిషి ఆయన. వందలాది జంతువుల మీద ప్రయోగాలు చేశారు, రక్తపోటుని గీతలుగా గీసే యంత్రాలు పెట్టారు. చివరికి లారీ మాటే నెగ్గింది: శ్వాసే ముందు ఆగుతుంది, శ్వాసని చూస్తూ ఉండండి, నాడి చూడక్కర్లేదు.

అప్పటికి అంత కొలిచిన వాళ్ళు లేరు. శ్వాస మీద కన్నేయడం మంచి అలవాటు కూడా. కానీ 1911లో గుడ్‌మన్ లెవీ అసలు సంగతి పట్టుకున్నాడు. క్లోరోఫాం తక్కువగా, మత్తు తేలికగా ఉన్నప్పుడే గుండె జఠరికలు లయ తప్పి ఊరికే వణకడం మొదలెట్టి, ఆ మనిషి అక్కడికక్కడే పోవచ్చని. మోతాదు ఎక్కువిస్తే శ్వాసే ముందాగుతుంది, నిజమే. కానీ మనుషులు పోతున్నది ఆ చివర మాత్రమే కాదు. కమిషన్ లెక్కలు అబద్ధం కాదు, చూసిన చోట అవి నిజాలే. చూడని చోట కూడా అవే నిజాలని అంత ధీమాగా చెప్పడమే కొంప ముంచింది. ఇంతకీ ఆ వణుకు కుటుంబానికి చెందిన లయ జబ్బుల కోసమే ఇవాళ గుండెలోకి కేథటర్లు పంపుతున్నాం. నూట ముప్ఫై ఏళ్ళు దాటినా మామయ్య ప్రశ్నా, అఫ్జల్‌గంజ్ ప్రశ్నా ఒకటే.

ఇదంతా మనకెందుకు, శాన్‌ఫ్రాన్సిస్కో వాళ్ళు చూసుకుంటారులే అనొచ్చు. గౌలిపురా నుంచి ఇంకాస్త దక్షిణానికి వెళ్తే కంచన్‌బాగ్. డీఆర్‌డీఎల్, డీఎంఆర్‌ఎల్, మిధాని అన్నీ అక్కడే. అబ్దుల్ కలాం 1982లో డీఆర్‌డీఎల్‌కి డైరెక్టరుగా వచ్చారు. క్షిపణుల కోసం తయారుచేసిన తేలికపాటి పదార్థంతో నిమ్స్‌లో పోలియో పిల్లలకి కాలిపర్లు చేయించారు, 1990ల్లో డాక్టర్ సోమరాజుతో కలిసి స్టెంటు తయారుచేశారు. ఆ రెండూ పదార్థాల విజయాలు. క్షిపణుల వాళ్ళ దగ్గర అంతకంటే అరుదైన విద్య ఇంకోటుంది: బయట నుంచి ఏ సంకేతమూ అందనప్పుడు నేనెక్కడున్నాను, ఎంత తప్పుండొచ్చు అని లెక్క కట్టుకోవడం. ఎమ్మారై యంత్రం మనం చేయక్కర్లేదు, కేథటరూ అక్కర్లేదు. చుక్క ఎంత నమ్మదగ్గదో నిజాయితీగా చెప్పే సాఫ్ట్‌వేర్ చాలు. అది రాయడానికి కావలసిన మనుషులు సంతోష్‌నగర్ చౌరస్తాలో రోజూ బస్సు దిగుతున్నారు.

ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. మన పెద్దాసుపత్రుల్లో మోకాలికీ నడుముకీ ఎమ్మారై కోసం జనం వరసలో కూచునుంటే, ఆ గదిని మూడు గంటలు ఒక్క కేథటర్‌కి ఇవ్వమనడం సబబేనా? మామయ్యలాంటి వాళ్ళకి అక్కర్లేదు, ఎక్స్‌రే గదిలో ఆయన పని సుబ్బరంగా అయిపోయింది. పదేళ్ళలోపు నాలుగైదుసార్లు కేథటర్ తప్పని పిల్లకి మాత్రం సబబే అంటాను. కరెంటు చుట్టల కేథటర్లు ఇప్పటికి ముఖ్యంగా నమూనా నాళాల్లోనూ జంతువుల్లోనూ చేసిన ప్రయోగాలే. తెర మీద చుక్క ఎలా ఉండాలో మాట్లాడటానికి ఇదే అదను. యంత్రం అమ్మకానికొచ్చాక ఎవరూ వినరు.

మొన్న ఆదివారం గౌలిపురా వెళ్ళి ఇదంతా మామయ్యకి చెప్పాను, రేడియో స్టేషన్ల పోలికతో సహా. శ్రద్ధగా విన్నాడు. శీతాకాలంలో శ్రీశైలం ఘాటు రోడ్డులో మంచు పడితే తనేం చేసేవాడో చెప్పాడు. "స్టీరింగ్ నా చేతులనే ఉండె. రోడ్డు కనవడకుంటే బండి ఆపుతుంటి. లోపల పబ్లిక్ లొల్లి జేస్తుండిరి, టైమైతుందని. అయినా ఆపుతుంటి." తరవాత కాసేపాగి, "అయితే గా దినం నా గుండెల చుక్క ఏడున్నట్టు?" అన్నాడు.

వచ్చే నెల చెకప్‌కి వెళ్ళినప్పుడు డాక్టరుగారినే అడుగుతాడట. నన్నూ వెంట రమ్మన్నాడు.